చంపినదాని ఆనవాలు

ఇనుప రాడ్డు దెబ్బకి ల్యాబు అద్దాలు భళ్ళున పగిలాయి. అడ్డు వెళ్ళిన డాక్టరమ్మ నుదురు చిట్లి, రక్తం కంట్లోకి కారింది.

“నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్న పురుగుని పాలు పోసి పెంచుతారా? పైగా కొత్త జాతి దొరికిందని సంబరాలా?” లారీ డ్రైవరు గాజుపళ్లాలున్న మరో అర మీద విరుచుకుపడ్డాడు.

ఆమె మిగిలిన ఒక్క గాజుపళ్లాన్ని గుండెకి హత్తుకుంది. “కావాలంటే నన్ను కొట్టండి. దీని జోలికి మాత్రం రావద్దు. పక్క వార్డులో ఒక పాపకీ ఇదే బ్యాక్టీరియా పట్టుకుంది.”

రాడ్డు గాల్లోనే ఆగింది.

ఆమె పళ్లాన్ని వెలుతురుకి ఎత్తి చూపింది. పచ్చటి మీగడలా అంతటా పరుచుకున్న ఆ బ్యాక్టీరియా, మందు అద్దిన ఒక కాగితపు బిళ్ళ చుట్టూ మాత్రం మొలవలేదు.

“ఈ మందుకి చస్తోంది. ఇవాళే తేలింది.”

“అప్పుడు లేదా ఈ మందు?”

“ఉంది.” ఆమె పళ్లాన్ని దించింది. “మీ తమ్ముడి రక్తంలో కనబడ్డప్పుడు దీన్ని పాత జాతే అనుకున్నాం. ఆ జాతికిచ్చే మందే ఎక్కించాం. పొరబడ్డాం.”

అతని చెయ్యి మళ్ళీ లేచింది. ఆమె కళ్ళు మూసుకుంది. పక్కనున్న బల్ల ఫెళ్ళున విరిగిన చప్పుడు వినబడింది.

కళ్ళు తెరిచేసరికి అతను గుమ్మానికి అడ్డు తప్పుకుని నిలబడి ఉన్నాడు.

“వెళ్ళండి,” అన్నాడు వగరుస్తూ. “ఆ పాపకైనా సరైన మందు ఎక్కించండి.”