పేరు చెప్పని ప్రార్థన

అచ్చమ్మ గంజి వారుస్తోంది. గిన్నె మూత మీద గుడ్డ పెట్టి వంచి పట్టుకుంది గాని, చూపు గంజి మీద లేదు. నీళ్ళ డ్రమ్ముకి ఆనించిన ఫోను మీద ఉంది. తెర మీద సముద్రం వెంబడి ఒక రోడ్డు, ఆ రోడ్డు మీద చీమలా పాకుతున్న ఎర్రచుక్క. చుక్క పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దకొడుకు పేరు, ఫెలిక్స్ అని ఉంటుందని సాకేత్ చెప్పి వెళ్ళాడు.

"వదినా, గంజి పొయ్యిలో పడిపోతంది సూడు," అంటూ పుష్పరాణి గడప దాటి వచ్చింది. కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో పక్క వాటా ఆమెది. "ఎంతవరకు వచ్చాడేటి మనోడు?"

"సముద్రంలో ఈత అయిపోనాది. సైకిలూ అయిపోనాది. ఇప్పుడు పరుగు."

"ఒకదాని మీద ఒకటి, ఆగకుండానా? ఇక్కడే రోడ్డు మీద అట్టు కాలిపోతంది. ఆ అండమాన్ దీవిలో ఎండ ఇంకెలగుంటాదో." పుష్పరాణి పీట లాక్కుని కూర్చుంది. "మెట్ల మీంచి పడి మొన్నటిదాకా కుంటుతున్నాడు కదా. కాలు సరైపోనాదా?"

"ఆఁ," అంది అచ్చమ్మ. గిన్నె దించి, లోటాలోకి గంజి వంచి, ఉప్పు వేసి కలిపింది. లోపలి గది తలుపు కొద్దిగా తెరిచి, లోటా లోపలికి జరిపి, మళ్ళీ మూసేసింది.

"చిన్నోడికి పొక్కులు తగ్గలేదా?"

"ఇంకా ఉన్నాయి."

"తలుపు తీసి ఉంచొచ్చు కదా వదినా. ఆండ్రూకి అసలే ఉబ్బసం. గాలాడద్దా?"

"నీ పిల్లలకి అంటుకుంటాది. మూసీయనీ."

పుష్పరాణి ఫోను అందుకుని, పొద్దున సాకేత్ పంపిన ఫొటో తీసి చూసింది. సాకేత్ ఈమధ్యే ఈ వాటాల్లోకి వచ్చిన కుర్రాడు. పోటీకి తోడు వెళ్ళాడు. ఫొటోలో ఇసుక మీద వందమంది, అందరికీ రబ్బరు టోపీలు, నీలం కళ్ళద్దాలు.

"ఇందులో ఫెలిక్స్ ఎవుడో నాకు పోలిక తెలీట్లేదు. అందరూ కప్పల్లాగున్నారు. ఓడ ఎక్కించడానికి మాయన వస్తానంటే వద్దన్నావు. సిన్నబుచ్చుకున్నాడు."

"తెల్లారగట్ల ఆయన్నెందుకు లేపడమని."

అచ్చమ్మ ఫోను తీసుకుని మళ్ళీ డ్రమ్ముకి ఆనించింది. గెలవనక్కర్లేదు. ఆ చివరి గీత దాటితే చాలు. పోటీకి పంపిన కంపెనీవాళ్ళు, దాటినవాళ్ళకి ఉద్యోగం పర్మనెంటు అన్నారు. దాటకపోతే ఫెలిక్స్ కాంట్రాక్టు ఈ నెలతో ఆఖరు. మొగుడు పోయాక ఆ కాంట్రాక్టు మీదే ఈ వాటా నిలిచింది. అందుకే, నా వల్ల కాదమ్మా అన్నవాడి గడ్డం పట్టుకుని తనే బతిమాలింది. వాడు సంచి సర్దుకున్నాడు.

చుక్క ఆగింది.

"నీళ్ళు తాగుతుంటాడులే," అంది పుష్పరాణి.

చుక్క కదల్లేదు. దాని పక్కనుంచి వేరే చుక్కలు దాటిపోతున్నాయి. అచ్చమ్మ తెరను వేలితో రుద్దింది, అక్కడేదో నలక అడ్డుపడినట్టు.

"ఉండు, ప్రార్థన సేద్దాం." పుష్పరాణి కొంగు నెత్తిన కప్పుకుని మోకరించింది. "ప్రభువా, నీ బిడ్డ ఫెలిక్స్‌ని ఎండదెబ్బ తగలకుండా కాయి తండ్రీ. ఫెలిక్స్ కాళ్ళకి బలమియ్యి..."

అచ్చమ్మ పక్కన మోకరించింది గాని కళ్ళు మూసుకోలేకపోయింది. ఆ మాటలు తప్పు ఇంటికి పోతున్న ఉత్తరాల్లా తోచాయి.

"పేరొద్దు పుష్పా."

"పేరెట్టి అడగమనే కదా అయ్యగారు సెప్తారు?"

"నా బిడ్డ అను. చాలు."

పుష్పరాణి వింతగా చూసి, "ఈ తల్లి బిడ్డని కాపాడు ప్రభువా," అంది. అప్పుడు అచ్చమ్మ ఆమేన్ అంది.

ఫోను మోగింది. సాకేత్. అచ్చమ్మ గబుక్కున ఎత్తబోతే స్పీకరు నొక్కుకుపోయింది.

"అత్తా, మనోడు పడిపోయాడు. డేరాలోకి తెచ్చారు. ఐసు పెడుతున్నారు గాని ఊపిరి సరిగ్గా అందట్లేదు. డాక్టరు దీదీ పక్కనే ఉంది. ఎండదెబ్బేనా, ముందునుంచి ఏదైనా జబ్బుందా అని అడుగుతోంది. జల్దీ చెప్పు."

అచ్చమ్మ పుష్పరాణి వైపు చూసింది. మూసిన తలుపు వైపు చూసింది. చెబితే పోయేదేమిటో ఆమెకు తెలుసు. ఫోనులోంచి ఎవరిదో గురక వంటి చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు విని ఎన్నిసార్లు నిద్ర లేచిందో.

"ఉబ్బసం," అంది. "ఉబ్బసం ఉంది బాబూ."

"ఏటి వదినా, కంగారులో చిన్నోడి జబ్బు పెద్దోడికి అంటగడతన్నావు," అంటూ పుష్పరాణి ఫోను లాక్కుంది. "సాకేత్, నాను సెప్తన్నాను. ఫెలిక్స్‌కి ఏ జబ్బూ లేదు. ఇనుపకడ్డీ ఆడు. ఆ డాక్టరమ్మకి అదే సెప్పు."

"లేదా? సరిగ్గా చెప్పండి, ఆమె ఇంజెక్షను పట్టుకుని ఉంది."

అచ్చమ్మ పుష్పరాణి చెయ్యి విరిచినంత పని చేసి ఫోను లాక్కుంది.

"ఉంది. ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ ఉంది. పీల్చే మందు సంచి అడుగున పెట్టాను. దానిమాట వినకు నాయనా, నాను కన్నాను, నాకు తెల్దా."

అవతల పరుగులు, అరుపులు. లైను తెగిపోయింది.

"భయంలో మతి పోనాదేటి నీకు?" అంది పుష్పరాణి చెయ్యి రుద్దుకుంటూ. "ఆడెవుడో నీకే తెలీకుండా పోనాదా?"

లోపలి గది తలుపు తెరుచుకుని, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ ఫెలిక్స్ వీధిలోకి వెళ్ళిపోయాడు.