తట్టని తెడ్డు

సాంగా నదిలో ఎవరైనా మునిగిన చోటు దాటేటప్పుడు, ఆ మునిగినవాళ్ళతో "వీళ్ళు మనవాళ్ళే, పోనివ్వు" అని తెడ్డుతో దోనె అంచు తట్టాలి.

తెడ్డు వేస్తున్న ఎన్‌గోయా ఆ రాత్రి ఒక సుడి దగ్గర మాత్రం తట్టలేదు.

ఎవరూ తొక్కని అడవి చూడాలని మళ్ళీ వచ్చిన దొర సుడిని చూసి నవ్వాడు. "నిరుడు ఇక్కడే, దోనె బరువైందని ఓ కూలీని నీళ్ళలోకి దింపేశాం. వాడి తిప్పలు వాడు పడతాడులే అనుకున్నా."

"మా తమ్ముడికి ఈత రాదు దొరా."

దొర నవ్వు ఆగిపోయింది. "దారంతా తట్టావు కదరా! ఇక్కడా తట్టు! నువ్వూ ఇందులోనే ఉన్నావు!"

"నేనెవరో వాడికి తెలుసు. మీరెవరో కూడా," అంటూ ఎన్‌గోయా తెడ్డును ఒళ్ళో పెట్టుకున్నాడు.

నీటి చప్పుడు కూడా ఆగింది.

అప్పుడు సరిగ్గా దొర కాళ్ళ కింద, దోనె అడుగును నీళ్ళలోంచి ఎవరో మెల్లగా తట్టారు.