గరుడ ముసుగు ఓడిన రోజు

"ఇంతకీ నా కొడుకు ఓడిపోయేది ఎప్పుడప్పా?"

ధనశేఖర్ చేతిలోని ఫోను జారబోయింది. పూతలపట్టు కూడలిలో అతని సెల్లు కొట్టుకు వచ్చేవాళ్ళంతా మునిశేఖర్ గెలుపు గురించే అడుగుతారు. జపాను కుస్తీలో బెల్టు కొట్టిన మన ఊరి మొనగాడని కొట్టు అద్దానికి బొమ్మ కూడా అంటించాడు. మెడ నుంచి మడమల దాకా ఎర్ర బట్టలు, ముక్కున్న గరుడ ముసుగు, నడుముకు పళ్ళెమంత బంగారు బిళ్ళ. కన్నతల్లి గంగులమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా ఓటమి సంగతే తీస్తుంది.

"సూడు, ఎంత సిక్కిపొయినాడో. తిండి పెడతా ఉండారో లేదో," అని బొమ్మను తడిమి స్టూలు లాక్కుంది. "బెల్టు కత ఇంగోసారి సదువు."

ధనశేఖర్ విసుక్కోకుండా సైటు తెరిచాడు. ఆ బెల్టు మొదట గెలిచినవాడు కురొసాకి, వయసు మీదపడి వదిలేశాడు. తర్వాత మొరినాగ. అతను మెడ విరిగి మంచాన పడితే బెల్టు కొన్నాళ్ళు ఎవరికీ కాకుండా ఉంది. ఆ తర్వాత ఇసోబె. అతనిదీ ముసుగే.

"ఆ, ఇసోబె. వాడి సంగతి సెప్పు."

"ముసుగేసుకున్నోడు బెల్టు పోగొట్టుకుంటే రింగులోనే ముసుగు ఇప్పేయాల పెద్దమ్మా. అది ఆళ్ళ ఆచారం. అందాకా మొగం ఎవురికీ సూపించకూడదు. ఇసోబె ఓడినాడు, ఇప్పినాడు, ఏడ్సినాడు. సొంతూరికి పొయ్యి చేపలు పట్టుకుంటా ఉండాడు."

"సొంతూరికి పొయినాడు గదా!"

ఆ చరిత్ర మొత్తంలో గంగులమ్మకు కావలసింది ఆ ఒక్క ముక్కే. బెల్టు ఎవరి దగ్గరా కలకాలం నిలవలేదు. ఇవాళ కాకపోతే రేపు తన కొడుకు పేరు కింద ఇంకొకరి పేరు పడుతుంది. ఆ రోజు మునిశేఖర్ మొహం కళ్ళారా చూడొచ్చు.

ధనశేఖర్ గొంతు తగ్గించాడు. "ఆదివారం పెద్ద పోటీ ఉండాది. ఎవురు గెలవాల్నో కుస్తీ కంపెనీవోళ్ళు ముందే అనుకుంటారు లే. ఈసారి మనోడు ఓడిపోతాడని అందురూ రాస్తా ఉండారు."

గంగులమ్మ అక్కడికక్కడే కొండవైపు తిరిగి తలనీలాలు మొక్కుకుంది.

మునిశేఖర్ బెల్టు గెలిచింది నిరుడు, ఆమె గుండె ఆపరేషనై తిరుపతి ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఆ పోటీ కాగానే కంపెనీవాళ్ళే టిక్కెట్టు పంపి కోడలు కృపామణిని జపానుకు పిలిపించుకున్నారు. వారం తిరక్కుండానే ఆ పిల్ల వచ్చి మంచం ఎక్కింది. చలి పడలేదంది. ఇక మీదట వాడు ఫోన్లో మొహం చూపించకూడదు, గొంతు కూడా వినిపించకూడదు, కంపెనీ రూలు అంది. అప్పటినుంచి వచ్చిన మెసేజీలు తనే చదివి వినిపిస్తోంది. పూలు పెట్టుకోవడం మానేసింది. ఎందుకే అంటే పాస్టరు వద్దన్నాడంది. విమానం ఎక్కి వచ్చాక నెత్తికెక్కిన పొగరని గంగులమ్మ లోలోపల పళ్ళు నూరుకుంది.

ఆమె ఇల్లు చేరేసరికి కృపామణి పెరట్లో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. అవతల చెన్నైలో ఉండే కంపెనీ మనిషి. "వేండాం సార్," అంటూ అరవంలో బతిమాలుతోంది. గంగులమ్మకు అరవం బాగానే వచ్చు. గరుడను ఓడించొద్దు, ఇంకొక్క ఏడాది గెలిపించండి అంటోంది కోడలు.

గంగులమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఏమే! వాడు ఓడిపోతే నీకేమి నష్టం?"

కృపామణి ఉలిక్కిపడి కళ్ళు తుడుచుకుంది. "ఓడిపోతే అంతా పోతాదత్తా."

"ఏమి పోతాది? ఆ బిళ్ళ పోతాది. నా బిడ్డ వస్తాడు. నీకు మొగుడు కావాల్నా, వాడి పేరు కావాల్నా?"

కృపామణి అత్త మాత్రల డబ్బా తెచ్చి, నీళ్ళ గ్లాసు చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఒకే ఇంట్లోంచి ఇద్దరు దేవుళ్ళకు రెండు ఎదురెదురు అర్జీలు వెళ్ళాయి. అత్త ఓటమి కోరి ఒక్క పొద్దులున్నది. కోడలు గెలుపు కోరి ఉపవాస ప్రార్థన పట్టింది. ఇద్దరిలో ఎవరికీ అన్నం సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నం కృపామణి తన ఫోను చూపించి నెట్టు లేదంది. గంగులమ్మ ఆ మాత్రం ఎరగనిది కాదు, ముందే ధనశేఖర్‌కు కబురు పెట్టింది. అతను తన ఫోను తెచ్చి బియ్యం డబ్బాకు ఆనించి పెట్టాడు.

పోటీ మొదలైంది. గరుడ కిందపడినప్పుడల్లా గంగులమ్మ లేపబోయినట్టు ఫోనుకేసి చెయ్యి చాచేది. అయినా లేవొద్దు నాయనా, లేవొద్దు అని మనసులోనే వేడుకుంది. చివరికి వాడు లేవలేదు. బెల్టు అవతలివాడి భుజం మీదికి పోయింది.

"ఓడిపొయినాడు!" గంగులమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కళ్ళనిండా నీళ్ళు.

కృపామణి ఫోను లాక్కోబోయింది. గంగులమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. గుండె జబ్బు మనిషికి అంత బలం ఎక్కడిదో, ఆ పట్టు విడిపించుకోవడం కోడలి వల్ల కాలేదు.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా. సూడొద్దు."

"నా బిడ్డను నన్నే సూడొద్దంటావా?"

కృపామణి గోడకు జారగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కడ గరుడ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గెలిచినవాడు వాడి తల వెనక తాళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. గంగులమ్మ కోడలి చెయ్యి వదిలి, ఇంకా చూడకముందే కణతలకు మెటికలు విరుచుకుని కొడుకుకు దిష్టి తీసింది. ముసుగు ఊడి వచ్చింది.

ఆ మొహం మునిశేఖర్‌ది కాదు.