కిరీటం గుర్తు

“దేనితో తోమావు?” అడిగాడు భాస్కర్.

“చింతపండు, ఉప్పు.” అంది సుధ. “ఆయుధపూజ కదండీ. కారుకీ, మీ లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టాను. మీ టేబుల్ మీద గుడ్డలో చుట్టి ఇది కనపడింది. ఇంట్లో నిజం కత్తి పెట్టుకుని మిక్సీకి పూజ చేయడమేంటని...”

కత్తి వెండిలా మెరుస్తోంది. పిడి దగ్గర కుంకుమబొట్టు ఉంది. దాని పక్కన ఉండాల్సిన చిన్న కిరీటం గుర్తు లేదు.

అది పక్కింటి వాల్టర్‌ది. పోయిన చలికాలం వీళ్ల కారు చుట్టూ మంచు తవ్విపెట్టిన పెద్దాయన. ఆ కత్తి, కత్తులకు పేరుపడ్డ స్పెయిన్‌లోని టొలేడోలో చేసిందని నమ్మి, ఆయన భార్య మార్తా తను పోయేముందు చివరి పెళ్లిరోజు కానుకగా కొన్నది. మోసపోయిందని బంధువులంతా నవ్వారట. పాత కత్తుల మీది గుర్తులు పోల్చడం భాస్కర్‌కి సరదా. మార్తా మాట నిజమో కాదో తేల్చమని వాల్టర్ నిన్ననే ఇచ్చి వెళ్లాడు.

భాస్కర్ లెన్సు పెట్టి చాలాసేపు చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది సుధకు.

అంతలోనే వాల్టర్ వచ్చాడు. కత్తిని వేలితో తడిమి, “కిరీటం ఏది?” అన్నాడు.

“నేనే అంకుల్, పూజకని తోమేశాను. సారీ.” సుధ తలెత్తలేకపోయింది.

“తప్పు మాదే,” అన్నాడు భాస్కర్. “కానీ నేను రాత్రే లెన్సులో చూశాను. అది అసలైన టొలేడో ముద్ర.”

సుధ ఉలిక్కిపడింది. రాత్రి భాస్కర్ కత్తికి చుట్టిన గుడ్డయినా విప్పలేదు.

“అయితే మార్తా మోసపోలేదన్నమాట.”

“లేదు.”

వాల్టర్ కత్తిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. “గుర్తు పోతే పోయిందిలే, సుధా. నాకీ మాట చాలు. ఈ ఎర్రబొట్టు తుడవక్కర్లేదుగా?”

వాల్టర్‌ని పంపి తలుపు వేయగానే సుధకు ఏడుపు ఆగలేదు. “నన్ను కాపాడటానికి అబద్ధమాడారు. ఎన్ని తరాల నాటి గుర్తో, నా చేత్తో చెరిపేశాను.”

భాస్కర్ లెన్సు తుడిచి డబ్బాలో పెట్టాడు.

“నీ కోసం కాదు. అసలైన ముద్రని ఎర్రగా కాల్చిన ఉక్కు మీద సుత్తితో దిగ్గొడతారు సుధా, చింతపండుకి పోదు.”