నడుముకు నడుము

మొదటి దెబ్బకే కానిస్టేబుల్ రవీందర్ బోర్లా పడ్డాడు. ఇంటి ముందు మోటార్ సైకిల్ కడుక్కుంటున్నవాడు, వెనక ఎవరొచ్చారో చూసుకోనే లేదు. చిరంజీవి గొడ్డలి తిరగేసి, మొద్దు వైపుతో నడుం మధ్యలో మళ్లీ కొట్టాడు.

“ఎవడ్రా నువ్వు? నేనేం జేసిన నీకు?”

“చర్ల సంతల దూలయ్యను కొట్టినవ్ గదా! ఆయన కొడుకును.”

మూడోది పడింది. ఎముక విరిగిన చప్పుడు చిరంజీవి చెవులారా విన్నాడు. కొత్తగూడెం క్వార్టర్ల జనం కేకలేస్తూ వచ్చేసరికి రవీందర్ చేతులతో నేల గీరుతున్నాడు. కాళ్లు మాత్రం కదలడం లేదు. చిరంజీవికి కావలసింది అదే. చంపడం ఎంతసేపు! బతికి పాకాలి వాడు. గొడ్డలి అక్కడే పారేసి, దొరికిన బొగ్గు లారీ ఎక్కేశాడు.

అంత కసి ఊరికే పుట్టలేదు.

నాలుగు రోజుల కిందట సంతలో, దళానికి బియ్యం మోసిందెవరంటూ పోలీసులు జనాన్ని ఒక్కొక్కరినీ లేపుతున్నారు. చింతపండు గంప పక్కన దూలయ్య కూర్చునే ఉన్నాడు. నడుం నొప్పి ఎక్కువైందంటే చిరంజీవే పొద్దున సైకిల్ మీద తెచ్చి దింపాడు.

“లేవరా అంటే లేస్తలేవేంది?” అన్నాడు రవీందర్.

“లెవ్వొస్తలేదు సారూ.”

“నాటకాలా?”

లాఠీ ముసలాయన నడుం మీద మూడుసార్లు విరుచుకుపడింది. దూలయ్య కెవ్వుమని పక్కకు ఒరిగిపోయాడు. అడ్డం పడ్డ చిరంజీవికి రెండు పళ్లు రాలాయి. సంతంతా చూసింది. పేపర్లో రాగానే రవీందర్‌ను సెలవు మీద కొత్తగూడెంలోని ఇంటికి పంపారు. సెలవట! కొట్టినవాడు ఇంట్లో, తిన్నవాడు ఖమ్మం దవాఖానాలో.

అక్కడ డాక్టర్ పుష్పలత స్కానింగ్ చూపించింది. “మీ నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్. వెన్నెముకకు పాకింది. ఇన్ని నెలలుగా నొప్పి అంటున్నది అందుకే. ఒక పూస విరిగి నరాలను నొక్కేస్తోంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే ఇక నడవడు. చేసినా నడుస్తాడని మాటివ్వలేను.”

“ఎట్ల ఇరిగింది మేడం?”

“లోపలంతా గుల్లయిన ఎముక. కాస్త బరువు పడినా చాలు.”

చిరంజీవి కళ్లకు లాఠీ తప్ప ఇంకేం కనిపించలేదు.

ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేశారు. ఆరు గంటలు పట్టింది. వీపు నిలువునా కోసి, నరాల మీది గడ్డ, ఎముక ముక్కలు తీసేసి, పైనా కిందా మరలు బిగించి రెండు కడ్డీలు అమర్చారు. ఆ తర్వాత రెండు రోజులు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. చిరంజీవి కొత్తగూడెం బస్సెక్కింది ఆ రెండో రోజే.

తిరిగొచ్చేసరికి దూలయ్యను వార్డులోకి మార్చారు. కుడి కాలి బొటనవేలు కదిలిస్తున్నాడు! చిరంజీవి ఆ పాదం పట్టుకుని భోరున ఏడ్చాడు. జన్మలో అంత సంతోషం ఎరగడు. అంతలో కింద పోలీసు జీపు ఆగింది. ఇక ఆలస్యం చేస్తే చెప్పే వీలుండదు.

“నాయినా, నీ నడుం ఇరగ్గొట్టినోని నడుం ఇరగ్గొట్టొచ్చిన. ఇగ నేను జైలుకు పోయినా ఫికర్ లేదు.”

దూలయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరకొస్తోంది.

“అయ్యో కొడుకా, సంతకు పోకముందు, ఎదురుకాళ్లతో పుట్టినోడు తొక్కితే నొప్పి పోతదని నిన్ను నా నడుం మీదికి ఎక్కించుకున్న గదా, అప్పుడే పుటుక్కున ఇరిగింది, నువ్ గోసపడతవని చెప్పలే!”