భల్లయ్య కంచెకి పచ్చాకులు

అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటికి తేనె కొట్టుండేది. తేనె తాగి మెచ్చినవాళ్లు పోతూ పోతూ అతని ముళ్లకంచెకి పచ్చాకు గుచ్చేవాళ్లు, మెచ్చనివాళ్లు ఎండాకు. రోజూ వచ్చేవాళ్లు తమ పాతాకు తీసి కొత్తది పెట్టేవాళ్లు. ఎవరి ఆకు వాళ్లే తియ్యాలి, ఇంకొకరు ముట్టకూడదు.

ఓ రోజు ముళ్లపంది ఎండాకు గుచ్చి, "తేనెలో ఈగలున్నాయన్నా, కాస్త వడకట్టు" అంది.

వడకడితే పోయేది. భల్లయ్యకి ఒళ్లు మండింది. "నా తేనెకే వంక పెడుతుందా, ఈ ముళ్లమూట!" అని కోతిమూకని పిలిచి కుండెడు తేనె పోశాడు. అవి ఒక్క పూటలో కంచె నిండా పచ్చాకులు గుచ్చేసి, మూతులు తుడుచుకుని చక్కా పోయాయి. భల్లయ్య లేని మీసం దువ్వుకున్నాడు. తేనెలో ఈగలు మాత్రం అలాగే తేలుతున్నాయి.

నాలుగెండలు కాసేసరికి కంచె మొత్తం ఎండి గలగలమంది. కోతులా, మళ్లీ ఆ దిక్కుకే రాలేదు. కొత్తగా వచ్చిన జింకలు దూరం నుంచే చూసి, "అమ్మో, ఇంతమందికి నచ్చలేదా!" అని వెనక్కి తిరిగాయి.

భల్లయ్య ముళ్లపంది మీద విరుచుకుపడ్డాడు. "నా కొట్టు నాశనం చేశావు కదే!"

ముళ్లపంది కంచె వైపు చూసి అంది, "నాది ఒక్కాకే అన్నా. మిగతావన్నీ నువ్వు తేనె పోసి గుచ్చించుకున్నవే."