ఎనిమిది గడులు, ఒక గీత

“ఈ గడి కొట్టెయ్,” అన్నాడు ఒమోర్‌కుల్ కాగితాన్ని వేలితో పొడుస్తూ. “దీన్నీ కొట్టెయ్. అసలు ఇలాంటివి అచ్చు వేయించడానికి మీకు చేతులెలా వచ్చాయమ్మా?”

మోడల్ ఏ రకం పనులకి ఒప్పుకుంటారో అడిగే పత్రం అది. అతని వేలి కింద ఉన్నవి లోదుస్తులు, ఈతదుస్తులు అన్న గడులు. బిష్కెక్‌లో ఆ మోడలింగ్ ఏజెన్సీ నడిపే నుర్జమాల్ నవ్వు ఆపుకుని రెండు గడులూ అడ్డంగా కొట్టేసింది.

“ఇస్సిక్-కుల్ సరస్సులో కూడా మా ఇంట్లో ఎవరూ మోకాళ్లు దాటి దిగలేదు,” అన్నాడు ముసలాయన.

పక్క కుర్చీలో మనవరాలు ఐజిరెక్ తల వంచుకుని కూర్చుంది. పందొమ్మిదేళ్ల పిల్ల, పొడగరి. తలగుడ్డ అంచుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. తాతని ఈ మెట్లెక్కించడానికే ఆమెకి రెండు వారాలు పట్టింది. ఎక్కాక కూడా ఆయన తీరు మారలేదు. వచ్చీ రాగానే నుర్జమాల్ మర్యాదగా కొక్కెం చూపిస్తే కోటు మాత్రం విప్పి తగిలించాడు. తల మీది పొడవాటి తెల్ల ఉన్ని టోపీ, కల్పాక్, తియ్యకుండానే వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“ఫోటో పంపేముందు ఇంట్లో ఎవరినడిగావు?” అన్నాడు మనవరాలి వైపు తిరిగి.

“అడిగితే ఒప్పుకునేవాడివా తాతా?”

“ఫోటో చూసిన రోజే నేను ఫోన్ చేశాను,” నుర్జమాల్ అందుకుంది. “ఇలాంటి ముఖం రోజూ దొరకదు. ఎత్తు కూడా మీ వంశంలోనే ఉన్నట్టుంది.”

వంశం మాటకి ముసలాయన మీసం కొంచెం కదిలింది. మాట మాత్రం మెత్తబడలేదు. “మిగతావేమిటో చెప్పు.”

“కేటలాగ్ అంటే దుకాణం బట్టలు. బట్ట ముఖ్యం, మనిషి దాన్ని మోసే కొయ్య. ఫ్యాషన్ అంటే కుట్టినవాడి గొప్ప, బజార్లో ఎవరూ తొడుక్కోరు. ప్రకటన అంటే టీ తాగుతూ నవ్వడం, బ్యాంకు ముందు నిలబడి నవ్వడం. ముఖం ఒక్కటే కావాలంటే వేరే గడి, చేతులకి వేరే గడి.”

“ఈ చివరిదేంటి, కళ అని రాసుంది?”

“అది చిత్రకారుల కోసం. బట్టలు...”

“కొట్టెయ్.”

కొట్టేసింది.

“సరే. ఇవాళ కేటలాగ్ అని పిలిచి, రేపు కొట్టేసినదాంట్లోకి లాగితే?”

నుర్జమాల్ పెన్ను కింద పెట్టింది. ఇంతసేపూ ఓపిగ్గా ఉన్న మనిషికి ఈ ప్రశ్న గుచ్చుకుంది.

“పదకొండేళ్లుగా నడుపుతున్నాను తాతగారూ. ఒక గడికి ఊఁ అంటే పక్క గడికి ఊఁ అన్నట్టు కాదు. గడి దాటమన్నవాడు మళ్లీ నా మెట్లెక్కడు. కింద ఈ ఖాళీ గీత చూడండి. ఏది చెయ్యనంటే చెయ్యరో అది మోడల్ సొంత చేత్తో రాయాలి. అది దాటించే హక్కు నాకూ లేదు.”

“షూటింగ్ దగ్గర ఇంటివాళ్లు ఉండొచ్చా?”

“ఒకరు ఉండొచ్చు.”

“అయితే ఇద్దరం వస్తాం.”

ఐజిరెక్ మొదటిసారి తలెత్తింది. పని అయ్యేలా ఉందనుకుంది.

“చలికాలం కోట్ల కంపెనీ ఒకటి సిద్ధంగా ఉంది,” అంది నుర్జమాల్. “ఊళ్లో బస్టాపులన్నిట్లో నిలువెత్తు బొమ్మలు. ఒక్కటే చిక్కు. జుట్టు కనిపించాలట. తల మీద ఏమీ ఉండకూడదంటున్నారు.”

ఐజిరెక్ చెయ్యి తలగుడ్డ ముడి మీదికి పోయింది. ఈ మాట ఎక్కడొస్తుందో అనే ఇంతసేపూ భయపడుతోంది.

ఒమోర్‌కుల్ లేచి కోటు అందుకున్నాడు.

“పద. ముప్పై ఒక్కేళ్లు ఈ ఊళ్లో ట్రాలీబస్సు నడిపాను. నన్ను వేలెత్తి చూపినవాడు లేడు. ఇప్పుడు మా ఇంటివాళ్లు బోసితలతో బస్టాపుల్లో నిలబడాలా?”

“ఆ స్టాపుల కోసమే తాతా నేను ఇంత పట్టుబడుతున్నది. నువ్వు రోజూ బస్సు ఆపినవేగా. ఎక్కినవాళ్లూ దిగినవాళ్లూ ఒక్కసారైనా మన ముఖం చూడొద్దా?” ఐజిరెక్ అతని కోటు చెయ్యి పట్టుకుంది.

నుర్జమాల్ బల్ల మీది రొట్టె పళ్లెం తీసుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది. “వెళ్తే వెళ్లండి. రొట్టె ముట్టకుండా మాత్రం పంపను.”

ఎంత కోపంలో ఉన్నా, ఆచారం తప్పి, పెట్టిన రొట్టెని కాదని గడప దాటడం ఆయన వల్ల కాదు. గొణుక్కుంటూ ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆ వయసు పళ్లకి గట్టి అంచు నమలడానికి ఎంతసేపు పడుతుందో నుర్జమాల్‌కి తెలుసు. అప్పటికే ఫోన్ ఆమె చెవి దగ్గరుంది.

“తల మీదిది అలాగే ఉంటుంది... లేదండీ, ఇందులో బేరం లేదు. ఇష్టమైతే ఈ ముఖం, కష్టమైతే ఇంకొకటి వెతుక్కోండి.”

అవతలివాళ్లు చాలాసేపు మాట్లాడారు. ముసలాయన నమలడం ఆపి వింటున్నాడు.

“ఒప్పుకున్నారు. కోటు కనబడితే చాలట.”

ఒమోర్‌కుల్ రొట్టె మింగి, నుర్జమాల్‌ని ఎగాదిగా చూశాడు. “మనిషివమ్మా నువ్వు. పని పోతుందని తెలిసీ మాట మీద నిలబడ్డావు.” కోటు మళ్లీ కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాడు.

ఐజిరెక్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తాత పక్కన కూర్చున్నందుకు ఆ పూట ఆమెకి ఎంత గర్వంగా ఉందో చెప్పలేం. కళ్లు తుడుచుకుని, సంచిలోంచి కొత్త పెన్ను తీసి, రాస్తోందో లేదో అరచేతి మీద గీసి చూసింది. మోడల్ రాయాల్సిన ఖాళీ గీత కనబడేలా కాగితాన్ని దగ్గరికి జరిపింది.

“ఇలా తే,” అని తాత పెన్ను అందుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని, ఆ గీత మీద లావుపాటి అక్షరాలతో రాశాడు.

“నా కల్పాక్ తీయను.”